అన్నాబీ ఆ తర్వాత ఏ పని చేసింది?: పాతబస్తీ సాహిత్యంలో శ్రామిక స్త్రీ గతం

1

హైదరాబాదు పాతబస్తీ వస్తువుగా తెలుగులోనూ ఉర్దూలోనూ వచ్చిన రచనలు మనకు తక్కువేమీ లేవు. నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్ కథలు’ వున్నాయి. జీలానీ బానో నవల ‘ఐవాన్-ఎ-గజల్’ (1976) వుంది. వాజిదా తబస్సుమ్ కథ ‘ఉతరన్’ వుంది. సాగర్ సర్హదీ తీసిన ‘బజార్’ (1982) సినిమా వుంది. భూస్వామ్య వ్యవస్థ కుళ్ళునూ, నవాబుల విలాసాన్నీ, జనానా గోడల వెనక మగ్గిన స్త్రీల దుఃఖాన్నీ ఇవి బయటపెట్టాయి. ఆ మేరకు ఇవి అభ్యుదయ సాహిత్యానికి మేలు చేసినవే. ఇందులో వివాదం లేదు.

అయితే ఈ రచనలను గురించి రాసిన మనం ఒక ప్రశ్న సరిగా వేయలేదు. వీటిలో కనిపించే స్త్రీ ఏం పని చేస్తుంది? ఆ పనికి ముందు ఏం చేసింది? పెళ్ళి, కాన్పులు, వైధవ్యం ఆమె చేతిలోని పనిని ఎట్లా మార్చాయి? అరవయ్యేళ్ళు వచ్చేసరికి ఆమెకు ఏ పని దొరుకుతుంది? అదే ఎందుకు దొరుకుతుంది?

ఇది అర్థశాస్త్రం వేసుకోవలసిన ప్రశ్న, సాహిత్యానికి దీనితో పనేమిటి అనేవారుంటారు. వారికి నా సమాధానం ఇది. మనిషి స్వభావాన్ని పరిస్థితులు తీర్చిదిద్దుతాయని మనం నమ్ముతాం. ఆ పరిస్థితుల్లో ముఖ్యమైనది శ్రమ. మరి ఒక పాత్ర జీవితంలో శ్రమ చరిత్రను తీసేస్తే మిగిలేదేమిటి? జాలి మిగులుతుంది. జాలి చెడ్డది కాదు గాని, జాలి ఒక్కటే మిగిలిన చోట పాఠకుడు కన్నీరు తుడుచుకుని పుస్తకం మూసేస్తాడు. శ్రామిక స్త్రీని శ్రామికురాలిగా గుర్తించవలసిన పని మాత్రం అట్లాగే వుండిపోతుంది.

కనుక ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎవరూ మలివయసులో శూన్యంలోంచి పనికి రారు. వెనక చేసిన పని, వెనక గడిపిన సంసారం వారి వెంట వస్తాయి. అవి కొందరికి పెట్టుబడి అవుతాయి, కొందరికి బాకీ అవుతాయి. ఎవరికి ఏది అవుతుందో నిర్ణయించేది వ్యక్తి గుణం కాదు, వర్గం. వర్గంతోపాటు ఆడా మగా అనే తేడా. పాతబస్తీ సాహిత్యం ఈ సత్యానికి చాలా దగ్గరగా వచ్చింది. కాని దాన్ని చివరిదాకా పట్టుకోలేదు. విమర్శకులమైన మనమూ పట్టుకోమని అడగలేదు.

2

‘ఉతరన్’ అంటే వాడి విడిచిన బట్ట. కథ చాలామందికి తెలిసిందే. నవాబు కూతురు షహజాదీ పాషా. ఆమెకు పాలిచ్చి పెంచిన దాది అన్నాబీ. అన్నాబీ కూతురు చంకీ. ఇద్దరు పిల్లలూ ఒకే ఇంట్లో పెరుగుతారు. షహజాదీ వాడి విడిచిన బట్టలే చంకీ ఒంటి మీదికి వస్తాయి. ఓణీలు మార్చుకుని అక్కచెల్లెళ్ళం అవుదామని చంకీ చిన్నతనంలో అడుగుతుంది. నీ బట్ట నేను కట్టుకోవటమా అని షహజాదీ ఈసడిస్తుంది. ఆ అవమానం చంకీ గుండెలో ముల్లులా వుండిపోతుంది. షహజాదీ పెళ్ళినాడు చంకీ పెళ్ళికొడుకును తనవాడిని చేసుకుంటుంది. ఇక జీవితమంతా నువ్వు నా ఉతరన్ వాడుకో అన్న భావంతో కథ ముగుస్తుంది.

ఈ కథ మీద చర్చ చాలాకాలం అశ్లీలం చుట్టూ తిరిగింది. రచయిత్రి హద్దు మీరిందని సనాతనులు గోల చేశారు. వర్గకసి ఎంత బలంగా వుందో చూడండని మనవాళ్ళు మెచ్చుకున్నారు. 1996లో మీరా నాయర్ సినిమా ‘కామసూత్ర’కు ఈ కథే ప్రేరణ అయిందని గొప్పగా చెప్పుకున్నాం. ఇంత చర్చలోనూ అన్నాబీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

అన్నాబీ చేసిన పని ఏమిటి? పాలివ్వటం. ఆ పనికి ఆమెకు వున్న అర్హత ఏమిటి? తానూ తల్లి కావటం. అంటే ఆమె సంసార జీవితమే ఆమె ఉద్యోగానికి అర్హత పత్రం. తన బిడ్డకు చెందవలసిన పాలు జీతానికి అమ్ముకున్న కార్మికురాలు ఆమె. కార్ఖానాలో కార్మికుడు ఎనిమిది గంటల శ్రమను అమ్ముకుంటాడు. అన్నాబీ తన మాతృత్వాన్నే అమ్ముకుంది. ఆ శ్రమకు వేళ లేదు, సెలవు లేదు. పిల్ల పాలు మానేనాటికి ఆ పనికి గడువు తీరిపోతుంది. ఆ తర్వాత దాది ఆ ఇంట్లో వుండేది ఏ పని మీద? కృతజ్ఞత మీద. విడిచిన బట్టలూ, మిగిలిన అన్నమూ ఆమెకు జీతం కాదు, దయ. జీతం దయగా మారటమే భూస్వామ్య సేవలో అసలు దోపిడీ. అడిగి పుచ్చుకునే హక్కు పోయి, ఇచ్చినప్పుడు కళ్ళకద్దుకునే అలవాటు మిగులుతుంది.

చంకీకి ఈ దోపిడీ అవమానంగా మాత్రమే తెలుసు. అందుకే ఆమె ప్రతీకారం కూడా అవమానం రూపంలోనే వుంటుంది. తల్లికి రావలసిన బాకీ గురించి ఆమె ఆలోచించదు. కథ ముగిసిన మర్నాడు ఆమె చేతిలో వున్నదేమిటి? ఒక రాత్రి గెలుపు. ఆమెకు నలభయ్యేళ్ళు వచ్చేసరికి ఏ ఇంట్లో వుంటుంది? ఆమెకు వచ్చిన పనులన్నీ హవేలీ పనులే. తలదువ్వటం, బట్టలు మడవటం, సుగంధాలు పట్టించటం, పెళ్ళివారింటికి పళ్ళేలు మోయటం. హవేలీయే పోయిన రోజున ఈ నేర్పుకు వెల కట్టేదెవరు?

చిన్నకథ ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనక్కరలేదు, నిజమే. వాజిదా తబస్సుమ్ తాను పట్టుకున్న క్షణాన్ని నిర్దాక్షిణ్యంగా పట్టుకుంది. లోపం కథలో కన్నా కథను చదివిన మన చూపులో ఎక్కువ వుంది. చంకీ శరీరం మీద అంత చర్చ చేసినవాళ్ళం అన్నాబీ జీతం మీద ఒక్క పేజీ రాయలేకపోయాం.

3

హవేలీలు నిజంగానే పోయాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. నిజాం సైన్యం రద్దయింది. కచేరీల్లో ఉర్దూ స్థానం పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఇంగ్లీషు అయింది. ఈ నాలుగు మార్పులూ కొద్ది సంవత్సరాల వ్యవధిలోనే పాతబస్తీ మీద పడ్డాయి. సిపాయి కొలువు, కచేరీ కొలువు, దేవిడీ కొలువు మూడూ ఒకేసారి కదిలిపోయాయి.

జాగీర్దారీ రద్దు ప్రగతిశీలమైన చర్య. దానికోసం తెలంగాణ రైతు రక్తం ధారపోశాడు. కాని ఆ రద్దు జరిగిన తీరును కూడా చూడాలి. జాగీర్దారులకు పరిహారం ముట్టింది. దాన్ని జాగీరు ఆదాయాన్నిబట్టి లెక్క కట్టారు. ఆ జాగీరు మీద బతికిన దాదులు, వంటవాళ్ళు, పల్లకీ బోయీలు, పహరావాళ్ళు చేసిన సేవ ఆ లెక్కలోకి రాలేదు. ఆస్తికి చరిత్ర వుంది, దస్తావేజు వుంది. సేవకు రెండూ లేవు. పాత పని కొందరికి పెట్టుబడీ కొందరికి బాకీ కావటం అంటే ఇదే.

నెల్లూరి కేశవస్వామి ఆ కాలపు కథకు ‘యుగాంతం’ అని పేరు పెట్టారు. తెలుగు కథ అంతవరకు తొక్కని గడపలు తొక్కి, పాతబస్తీ ముస్లిం కుటుంబాల లోగిళ్ళను మనకు చూపిన రచయిత ఆయన. ఆ ఋణం తీరేది కాదు. అయితే ‘యుగాంతం’ అన్న మాటను మనం విమర్శలో చాలా సులువుగా వాడేస్తున్నాం. అంతమైంది ఎవరి యుగం? జాగీర్దారు యుగం ముగిసింది. అతని ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి యుగం ముగిసిందా? ఆమె గిన్నెలు తోమే ఇల్లు మారింది. యజమాని మారాడు. పని మాత్రం అదే. చరిత్ర పుస్తకంలో అధ్యాయం మారినంత మాత్రాన ఆమె చేతిలో పని మారదు.

కూలిపోయిన ఇళ్ళలోని మగవారి సంగతి వేరు. దీన్ని ‘బజార్’ కొంత చూపింది. అందులో నజ్మా ఒకప్పటి పెద్దింటి ఆడపిల్ల. మగవాళ్ళు పనికి వెళితే ఇంటి పరువు పోతుందన్న సాకుతో సంసారభారాన్ని తల్లి ఆమె మీద వేస్తుంది. ఆ భారం మోయవలసింది శరీరం అమ్ముకుని. ఆ ఇల్లు విడిచి వెళ్ళిన నజ్మాయే తర్వాత షబ్నం అనే బీదపిల్లను గల్ఫు డబ్బున్న నడివయసు మనిషికి కట్టబెట్టే వ్యవహారంలో ఇరుక్కుంటుంది. ఈ సినిమాకు మనం చెప్పుకునే అర్థం ఆడపిల్లల అమ్మకం. అది వాస్తవమే, ఆ పెళ్ళిళ్ళ బజారు పాతబస్తీలో సాగింది, ఎందరో పిల్లల బతుకులు కూల్చింది. అయితే అందులో ఇంకొక సత్యం కూడా వుంది. ఇంటి గతం ఇంటివారందరికీ ఒకేలాంటి వారసత్వం ఇవ్వదు. తాతల నాటి పరువు కొడుకుకు సోమరితనపు హక్కు అయింది, కూతురికి కూలి అయింది. ‘మా ఇంట్లో మగవాళ్ళు పని చేయరు’ అనే మాటకు అసలు అర్థం ‘మా ఇంట్లో ఆడవాళ్ళు పని చేస్తారు, కాని దాన్ని పని అనం’ అనే.

ఇక్కడ కూడా కథ షబ్నం చావుతో ఆగిపోతుంది. చావు గొప్ప ముగింపు. ప్రేక్షకుణ్ణి కదిలిస్తుంది. కాని పాతబస్తీలో అట్లా చనిపోయినవారి కంటే బతికినవారు ఎక్కువ. భర్త వదిలేసిన తర్వాత, లేదా భర్త పోయిన తర్వాత, ఇద్దరు ముగ్గురు పిల్లలతో పుట్టింటి గదిలోకి తిరిగివచ్చి, ముప్పయ్యేళ్ళ వయసులో పని వెతుక్కున్నవారు. వారి కథ ఎక్కడ మొదలవుతుంది?

4

అది గాజు దగ్గర మొదలవుతుంది. లాడ్ బజారులో దీపాల కింద మెరిసే లక్క గాజు వెనక రెండు రకాల శ్రమ వుంది. నిప్పుల కుంపటి మీద లక్కను కాచి, మెత్తబడిన ముద్దను పొడుగ్గా సాగదీసి, వేడి ఆరకముందే వలయంగా చుట్టి, అచ్చులో సరిచేసే పని ఒకటి. దాని మీద రంగురాళ్ళు ఒక్కొక్కటిగా పొదిగే పని ఇంకొకటి. కుంపటి పని ఎక్కువగా కార్ఖానాలో జరుగుతుంది. రాళ్ళు అతికించే పని ఎక్కువగా ఇళ్ళలోకి పోతుంది. కార్చోబ్ చట్రం మీద జరిగే జర్దోజీ పనిదీ ఇదే తీరు. మగవాడు కూర్చుని చేస్తే కారీగర్, ఇంట్లో ఆడది చేస్తే ‘ఖాళీగా వున్నప్పుడు చేసుకునే పని’. ఊదుబత్తీలు చుట్టటం ఇంకా చవక. సరుకు ఇచ్చి, తయారైన మాల్ తీసుకుపోయే మధ్యవర్తి మాత్రమే ఈ స్త్రీకి తెలుసు. అసలు యజమాని ఎవరో తెలియదు. కూలి రోజుకు కాదు, వస్తువుకు.

మార్క్సు ‘పెట్టుబడి’ మొదటి సంపుటం (1867)లో గృహ పరిశ్రమను ఫ్యాక్టరీకి బయట వున్న విభాగంగా వర్ణించాడు. ఫ్యాక్టరీ గోడ లేనంత మాత్రాన పెట్టుబడి ఆధిపత్యం తగ్గదు, పైగా విడివిడిగా వున్న కార్మికుల ప్రతిఘటన శక్తి తగ్గిపోతుంది అన్నది ఆయన వాదన సారం. పాతబస్తీ గల్లీల్లో ఇది ఇవాళ్టి వాస్తవం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, దేశంలో పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది ఇంట్లోనే పని చేస్తున్నారని, అన్ని వర్గాల స్త్రీలనూ కలిపి చూస్తే ఇది 51 శాతమని తేల్చింది.

ఇప్పుడు ఒక స్త్రీ జీవితాన్ని వరుసగా చూద్దాం. ఈమె ఎవరో ఒక్కరు కాదు, ఆ గల్లీల్లో పదే పదే కనిపించే క్రమం. ఎనిమిదేళ్ళ వయసులో అమ్మ పక్కన కూర్చుని రాళ్ళు ఏరి ఇస్తుంది. పదేళ్ళకు తానే అతికిస్తుంది. బడి మానేస్తుంది. పెళ్ళి అవుతుంది. అత్తవారింట్లో ఆ పని వుంటే చేస్తుంది, లేకపోతే మానేస్తుంది. కాన్పులు, పిల్లలు, అత్తమామల సేవ. 2019లో ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీ దానికి సగటున రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంది, ఆ పని చేసే పురుషుడు 97. అంటే దాదాపు అయిదు గంటలు. ఆ అయిదు గంటలు పోగా మిగిలిన ముక్కలు ముక్కలు సమయంలో ఇమిడే పనే ఆమెకు పని. కనుక ఆమె పనిని ఆమె ఎంచుకోలేదు. సంసారం మిగిల్చిన సమయం ఎంచింది. భర్త పోయిన తర్వాత సంపాదన తప్పనిసరి అవుతుంది. అప్పుడు ఆమెకు తెలిసిన పని ఏమిటి? మళ్ళీ రాళ్ళే. కాని అప్పటికి కంటి చూపు తగ్గింది. వేలికి వేగం తగ్గింది. వస్తువుకింత అని కూలి కట్టేచోట వేగం తగ్గటం అంటే కూలి తగ్గటమే. ఇతర కార్మికునికి అనుభవం పెరిగినకొద్దీ జీతం పెరుగుతుంది. ఈమెకు అనుభవం పెరిగినకొద్దీ రాబడి తగ్గుతుంది. చివరికి చూపు అవసరం లేని పనికి, పరాయి ఇంట్లో గిన్నెలకూ గచ్చు కడగటానికీ, పోతుంది. అన్నాబీ మనవరాలు అన్నాబీ ఇంటికే తిరిగి వచ్చింది.

ఇది విధి కాదనటానికి పక్కనే ఒక సాక్ష్యం వుంది. బీడీ కూడా ఇంట్లో కూర్చుని చుట్టేదే. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల స్త్రీలు తరతరాలుగా చుట్టారు. కాని బీడీ కార్మికులకు సంఘాలు వున్నాయి, పోరాటాలు జరిగాయి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టే స్త్రీని కూడా అది కార్మికురాలిగానే గుర్తించింది. యజమానులు కోర్టులకెక్కారు, 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఇంట్లో చుట్టేవారికి ప్రావిడెంటు ఫండు వర్తిస్తుందని 1985లో మళ్ళీ చెప్పింది. తెలంగాణ వచ్చాక, 2014లో మొదలైన ఆసరా పింఛన్ల పథకం బీడీ కార్మికులకు విస్తరించినప్పుడు ఆ ప్రావిడెంటు ఫండు ఖాతాయే అర్హతకు ఆధారమైంది. చూడండి: యౌవనంలో చుట్టిన బీడీకి ఒక కాగితం పుట్టింది గనుక, ఆ కాగితం మలివయసులో అన్నమైంది.

గాజుకు రాళ్ళు అతికించిన స్త్రీకి అటువంటి కాగితం లేదు. అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ వచ్చింది. అందులో చేరటానికి పెట్టిన వయసు 16 నుంచి 59. ఎనిమిదేళ్ళకు పనిలో చేరి, అరవయ్యేళ్ళకూ పని మానని మనిషి జీవితం రెండు కొసలా ఆ లెక్కకు బయటే వుంది. 2024లో హైదరాబాదు లక్క గాజుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గాజుకు పుట్టిన ఊరి పత్రం దొరికింది. గాజు చేసిన చేతికి ఇంకా ఏ పత్రమూ దొరకలేదు.

5

ఇక సాహిత్యానికి వద్దాం. గతాన్ని పాత్రకు పెట్టుబడిగా మార్చగల రచన ఎట్లా వుంటుంది? మన తరాలు చదివి పెరిగిన గోర్కీ ‘అమ్మ’ (1906)నే తీసుకోండి. నీలోవ్న తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు. కొడుకు అరెస్టయిన తర్వాత ఫ్యాక్టరీలోకి కరపత్రాలు చేరవేయాలి. ఎవరు చేరవేస్తారు? ఫ్యాక్టరీ వాకిట్లో తిండి అమ్మే మరియా దగ్గర సహాయకురాలిగా నీలోవ్న కుదురుతుంది. కూడు మోసే ఆడదాన్ని కాపలాదారులు అనుమానించరు. వంటింటి స్త్రీగా గడిపిన ఇన్నేళ్ళ జీవితం, సమాజం ఆమెకు వేసిన ఆ తక్కువ ముద్ర, ఇక్కడ విప్లవానికి ఆయుధమైంది. గోర్కీ ఆమె పాత బతుకును చెరిపేసి కొత్త మనిషిని చేయలేదు. ఆ పాత బతుకు లోపలినుంచే కొత్త పనిని పుట్టించాడు. నవల గొప్పతనంలో ఇది సగం అని నా అభిప్రాయం. మనం మాత్రం కరపత్రాలను చూశాం గాని గంపను చూడలేదు.

పురుషుల విషయంలో మనకు ఈ చూపు లోపించలేదు. మఖ్దూం మొహియుద్దీన్ జీవితం చెప్పేటప్పుడు ఏం చెబుతాం? తండ్రి లేని పిల్లవాడిగా మసీదు ఊడ్చాడని, నీళ్ళు పట్టాడని, పట్నం వచ్చి చిల్లర పనులు చేసి చదువుకున్నాడని చెబుతాం. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడని, ఆ ఉద్యోగం వదిలి కార్మికోద్యమంలోకి నడిచాడని చెబుతాం. ‘సుర్ఖ్ సవేరా’ (1944) కవి వెనక ఆ చీపురు పట్టిన పిల్లవాడు వున్నాడని గర్వంగా చెప్పుకుంటాం. అది సరైన పద్ధతి. పురుషుని పాత పని అతని వ్యక్తిత్వానికి పునాది అంటాం. అదే చీపురు జీవితాంతం పట్టిన స్త్రీ దగ్గరికి వచ్చేసరికి దాన్ని పునాది అనం, దురదృష్టం అంటాం. ఈ తేడా ఎందుకు?

ఈ లోపాన్ని మొదట గట్టిగా చూపింది కథకులు కాదు, జ్ఞాపకాలు సేకరించినవారు. స్త్రీ శక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న జీవితాలు అవి. మల్లు స్వరాజ్యం, చిట్యాల అయిలమ్మ వంటివారితోపాటు హైదరాబాదు నగరపు ముస్లిం కుటుంబాలనుంచి వచ్చిన జమాలున్నీసా బాజీ, రజియా బేగం కూడా అందులో మాట్లాడారు. ఆ పుస్తకంలో మనల్ని కలవరపెట్టేది తుపాకీ పట్టిన రోజుల వర్ణన మాత్రమే కాదు. 1951లో పోరాటం విరమించిన తర్వాత ఏం జరిగింది అన్నది. దళంలో, డెన్‌లో, కొరియరుగా ఏళ్ళ తరబడి పని చేసిన స్త్రీలకు ఆ తర్వాత దొరికిన స్థానం ఎక్కువగా ఇల్లే. ఉద్యమంలో పురుషుని సేవ నాయకత్వానికి అనుభవమైంది. స్త్రీ సేవ త్యాగంగా కీర్తి పొంది అక్కడితో ఆగిపోయింది. ఈ మాట మన ఉద్యమానికి చేదుగానే వుంటుంది. అయినా మింగవలసిందే.

ఆ చేదును ఒక్క జీవితంలో పూర్తిగా చూడాలంటే పాతబస్తీ దాటి కొండపల్లి కోటేశ్వరమ్మ (1918-2018) దగ్గరికి వెళ్ళాలి. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో, ఆమెకు తొంభయ్యేళ్ళు దాటిన తర్వాత వచ్చింది. బాల్యవివాహం, బాలవైధవ్యం, పునర్వివాహం, పార్టీ, ప్రజానాట్యమండలి పాటలు, రహస్య జీవితం. భర్త విడిచిపెట్టిన తర్వాత ఆమె హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి, నడివయసులో మెట్రిక్ చదివి, కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టలుకు మేట్రన్ అయింది. ఎంతోమంది పిల్లలను కనిపెట్టుకుని వుండటం, తిండీ తిప్పలూ చూడటం, కష్టం వచ్చినవారిని పొదువుకోవటం: రహస్య స్థావరాల్లో ఆమె జీతం లేకుండా చేసిన పని దీనికంటే వేరు కాదు. అదే పనికి ఇప్పుడు జీతమూ హోదా వచ్చాయి. మధ్యలో ఏం మారింది? పని మారలేదు. ఒక సంస్థ తలుపు తెరిచింది, ఒక సర్టిఫికెట్టు చేతికి వచ్చింది, ఆ పనికి ఒక పేరు ఏర్పడింది.

పాతబస్తీ స్త్రీకి లేనిది ఆ తలుపు, ఆ పేరు. నేర్పు లేకపోలేదు.

6

దీనిమీద రెండు అభ్యంతరాలు రావచ్చు. కథ అంటే జనాభా లెక్కల పట్టిక కాదు, పాత్ర పనిచేసిన చోట్లన్నీ రాస్తూ పోతే రసం ఏమవుతుంది అని ఒకటి. పట్టిక రాయమని నేను అనటం లేదు. గోర్కీ పట్టిక రాయలేదు. గంప ఒక్కటి చాలింది. ఒక ముసలామె గాజును చూడగానే అందులో ఏ రాయి వంకరగా వుందో చూపు లేకపోయినా వేలితో పసిగట్టటం కథలో ఒక్క వాక్యం. కాని ఆ వాక్యంలో యాభయ్యేళ్ళ శ్రమ చరిత్ర వుంటుంది. అటువంటి వాక్యం రాయాలంటే రచయిత ఆ గదిలో కూర్చుని చూసి వుండాలి. చార్మినారు మీద వెన్నెలను వర్ణించటానికి అంత శ్రమ అక్కర్లేదు.

రెండవ అభ్యంతరం మరింత తీవ్రమైంది. చాకిరీని ‘అనుభవం’ అని, ‘నైపుణ్యం’ అని పొగిడితే దోపిడీకి పూత పూసినట్టు కాదా? ఈ హెచ్చరిక సరైనదే. ‘ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువ, వేళ్ళు సన్నం’ అనే పొగడ్తతోనే మధ్యవర్తి కూలి కోస్తున్నాడు. ఎనిమిదేళ్ళ పిల్ల రాళ్ళు అతికించటం కళాసంప్రదాయం కాదు, బాల్యాన్ని దొంగిలించటం. కనుక మనం చేయవలసింది ఆ పనిని కీర్తించటం కాదు, దాన్ని లెక్కలోకి తేవటం. స్త్రీలు సామాజికోత్పత్తిలోకి తిరిగి రావటమే వారి విముక్తికి మొదటి షరతు అని ఎంగెల్సు 1884లో రాశాడు. పాతబస్తీ స్త్రీ సామాజికోత్పత్తిలోకి ఎప్పుడో వచ్చింది. ఆమె పొదిగిన రాయి దేశం దాటి పోతున్నది. ఆమెను మాత్రం ఇంట్లో వున్న మనిషి అని రాసుకుంటున్నారు. మన కథకులూ అట్లాగే రాస్తే ఆ తప్పుడు లెక్కకు మనం సాక్షి సంతకం పెట్టినట్టే.

మన సంఘం సభల్లో కార్మికుడు అనగానే సైరను, ఫ్యాక్టరీ గేటు, జెండా గుర్తుకు వచ్చే అలవాటు ఒకటి వుంది. ఆ బొమ్మ మంచిదే గాని చాలదు. చార్మినారు చుట్టూ వున్న వేల గదుల్లో సైరను మోగదు. అక్కడ పని మొదలయ్యేది పిల్లలు నిద్రపోయిన తర్వాత. అక్కడి కార్మికురాలికి గేటు లేదు, హాజరు పట్టీ లేదు. ఇరవయ్యేళ్ళకు ఆమె చేసిన పనిని అరవయ్యేళ్ళకు రుజువు చేయగల కాగితం లేదు. కాగితం తెచ్చిపెట్టవలసింది సంఘాలు, చట్టం. కాని ఆ పని వుందని, అది పనేనని, దానికి ఒక మొదలూ ఒక క్రమమూ వున్నాయని నలుగురి మనసుకూ ఎక్కించగలది సాహిత్యం. బీడీ కార్మికురాలికి చట్టం రావటానికి ముందు ఆమెను కార్మికురాలని పిలిచిన గొంతు ఒకటి లేచింది. గాజు కార్మికురాలి కోసం ఆ గొంతు ఇంకా లేవవలసి వుంది.

విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈసారి ‘ఉతరన్’ను తరగతిలో చెప్పినప్పుడు చంకీ దగ్గర ఆగిపోకండి. అన్నాబీ ఆ ఇంట్లోకి రాకముందు ఏం చేసేది, పిల్ల పాలు మానిన తర్వాత ఏం చేసింది, హవేలీ అమ్ముడుపోయిన రోజున ఎక్కడికి వెళ్ళింది అని అడగండి. కథలో జవాబు లేదు. జవాబు మీ తరగతిలోనే ఏ పిల్లవాడి నానమ్మ దగ్గరో వుండవచ్చు. ఆ జవాబును విని, దాచుకుని, రాయగలిగినవాడు పాతబస్తీ గురించి ఇంతవరకు రాని కథ రాస్తాడు.